పెండ్లిళ్లు తిరిగిన వడ్డాణం

గౌరయ్య సేటు బంగారం మీద పెట్టుబడి పెట్టిన సంగతి సూర్యాపేటలో తెలియనివాళ్లు లేరు. పెట్టుబడి ఆయనదే గాని బంగారం మాత్రం తాలూకా మొత్తానిది అని గిట్టనివాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. గిట్టినవాళ్లు కూడా ఆ మాటే అనేవాళ్లు, కాకపోతే ఆయన వినేలా అనేవాళ్లు కాదు.

ఆయన ఇంటిపేరు బచ్చు. గంజ్‌లో అడ్తి దుకాణం. రైతులు బండ్ల మీద తెచ్చిన వడ్లు, పెసలు, కందులు దుకాణం ముందు కుప్పలు పోయించి, కొనేవాళ్లను పిలిచి ధర కట్టించి, తూకం వేయించి, నడుమ తన కమీషన్ తాను తీసుకునేవాడు. బక్కపలచని మనిషి. ధోవతి, నల్లకోటు, ఏ కాలమైనా చంకలో గొడుగు. నవ్వడం చాతకాదు గాని మర్యాదకు మాత్రం లోటు రానివ్వడు. ఆ మర్యాదే కొంప ముంచిందని భార్య హైమావతి అంటూ ఉండేది, అదీ నవ్వుతూనే.

ఆయనకు డబ్బు మీద నమ్మకం పోవడానికి కారణం సర్కారే. తండ్రి కుండలో పోసి పూడ్చిపెట్టిన హాలీ రూపాయలు, నిజాం దిగిపోయిన కొన్నాళ్లకు, చెల్లవు పొమ్మన్నారు. సరేనని ఇండియా సర్కారు వారి కల్దారు రూపాయలకు చెయ్యి అలవాటు చేసుకున్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటేడే అణాలు తీసేసి నయాపైసలు తెచ్చారు. రూపాయికి పదహారణాలనేది గౌరయ్య పుట్టినప్పటి నుంచి సూర్యచంద్రులంత ఖాయంగా నమ్మిన సంగతి. దాన్నే పీకేసినవాళ్లు రేపు రూపాయిని ఉంచుతారని నమ్మకమేమిటి? అందుకని ఆయన బంగారం దిక్కు తిరిగాడు.

కొత్త నగ చేయిస్తే తరుగని, మజూరీ అని అవుసలి చేతికి పోయేది చాలా ఉంటుంది. గౌరయ్యకు అది సుతరామూ ఇష్టం లేదు. పేటలో తాకట్టు వ్యాపారం చేసే ఒకాయన, విడిపించుకోని నగలను ఏటా ఉగాది వెళ్లాక హర్రాజు వేసేవాడు. వాకిట్లో జంపఖానా పరిచి, నగను పైకెత్తి పట్టుకుని, "ఒకటోసారి, రెండోసారి" అంటూ పాట పాడించేవాడు. అక్కడైతే ఒట్టి బంగారం ధర పెడితే చాలు, పనితనం ఊరికే వస్తుంది. గౌరయ్య రెండేళ్లు వరసగా పోయి కమ్మలో, కంటెలో చిన్నా చితకా పాడుకొచ్చాడు. కొన్నాళ్లు బీరువాలో పెట్టి, ధర పెరిగాక అమ్మి, మిర్యాలగూడెంలో బియ్యం మిల్లు పెట్టాలని ఆయన ఆశ. నడుమ కూర్చుని కమీషన్ తినే మనిషిగా కాక, ధడధడమని మోగే మిల్లుకు యజమానిగా చచ్చిపోవాలని ఆయనకు ఎంతో కోరికగా ఉండేది.

తెచ్చిన నగలను హైమావతి ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "ఏడ్సుకుంట ఇడిసిన సొమ్ము నా ఒంటి మీదికి రాదు. బీరువాల పెట్టుకుంటరో, బియ్యంల పెట్టుకుంటరో మీ ఇష్టం" అంది.

మూడో ఏడు హర్రాజుకు వడ్డాణం వచ్చింది. బిళ్లకు బిళ్ల కీలుతో అతికి, ఒక్కో బిళ్ల మీద ఒక్కో హంసను చెక్కిన వడ్డాణం. తిరుమలగిరి దగ్గర జానయ్య అనే గొర్ల కాపరిది. ఒకప్పుడు పెద్ద మంద ఉన్నవాడు. మంచి ఏడాది ఒకటి చూసుకుని, పొట్టేళ్లన్నీ అమ్మి, భార్య రాములమ్మకు ముచ్చటపడి చేయించాడు. మరుసటేడు మందకు రోగం తగిలి గొర్రెలు రాలిపోయాయి, వడ్డాణం తాకట్టుకు పోయింది, ఆ తర్వాత ఇట్లా హర్రాజుకు వచ్చింది.

పాట గౌరయ్య మీద ఆగింది. వాకిలి మూలన జానయ్య తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. ఏటా పెసలు గౌరయ్య దుకాణానికే తోలే మనిషి. చూసీ చూడనట్టు పోవడానికి గౌరయ్యకు మర్యాద అడ్డం వచ్చింది. దగ్గరికి పోయి, భుజం తట్టి, "ఏడ్వకు జానయ్యా. నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే అనుకో" అన్నాడు.

సావుకార్లు రోజుకు పదిమార్లు అనే మాట అది. అన్నవాడూ మరిచిపోతాడు, విన్నవాడూ మరిచిపోతాడు. కానీ ఇది హర్రాజు వాకిట్లో, నలుగురి ముందర పలికిన మాట. గంజ్ మొత్తం అట్లాంటి మాట మీదే నడుస్తుంది. కుప్ప దగ్గర ధర పలికితే కాగితం ఉండదు, సంతకం ఉండదు, నలుగురు విన్నారంటే ఖతం. జానయ్యకు తెలిసిన చట్టం అదొక్కటే. టక్కున ఏడుపు ఆపి, ముఖం తుడుచుకుని, "నీ కడుపు సల్లగుండ సేటూ" అని ఊరి దారి పట్టాడు.

రెండేళ్ల తర్వాత దుకాణం నిండా రైతులుండగా జానయ్య వచ్చాడు. "సేటూ, మా బిడ్డ సాలి పెండ్లి కుదిరింది. వడ్డాణం కొండవోదామని వొచ్చిన" అన్నాడు. అడిగినట్టు లేదు, అటక మీది చేట దించమన్నట్టు ఉంది.

"ఏ వడ్డాణం?" అన్నాడు గౌరయ్య.

"మన వడ్డాణమే. ఇంకేది?"

"అది నేను పాడుకున్న గద జానయ్యా!"

"పాడుకున్నవ్. నేను గాదన్ననా? పరాయోడు పాడుకుంటే పరేషానయ్యేటోణ్ణి. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే అంటివి. అందుకే గీ రెండేండ్లు బేఫికర్‌గ పండుకున్న."

గౌరయ్య చుట్టూ చూశాడు. కుప్పల మీద కూర్చున్న రైతులు ఎవరి పని వాళ్లు మానేసి ఆయన నోటి దిక్కే చూస్తున్నారు. ఆనాడు హర్రాజులో ఆ మాట విన్నవాళ్లు వాళ్లలో సగం మంది. మాట తప్పిన సేటు దుకాణం ముందు రేపటి నుంచి బండి ఆగదు. పక్క దుకాణపాయన అప్పుడే చెవులు రిక్కించాడు కూడా. గౌరయ్య గొంతు సవరించుకుని, "సరే. వడ్డాణంతోని నేనూ వస్త" అన్నాడు.

"రావాలె గద మరి! నువ్వు రాక పెండ్లేంది?" అన్నాడు జానయ్య సంబరంగా.

ఆ పెండ్లిలో గౌరయ్యను కొట్టినంత పని చేశారు. తప్పు ఆయనదే. వడ్డాణం మీద నుంచి చూపు తిప్పకూడదని ఒట్టు పెట్టుకుని పోయాడాయె. పొద్దున మొదలు పెండ్లిపిల్ల నడుము దిక్కే కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. "ఎవలయ్యా గా నల్లకోటు ముసలాయన, పిల్ల నడుం దిక్కే సూస్తుండు?" అని పిల్లగాని మేనమామ లేచాడు. జానయ్య అడ్డం పడి, "మా సేటే, నడుం గాదు, వడ్డాణం సూస్తుండు" అని ఎంత చెప్పినా పెద్దమనిషి నమ్మలేదు. గౌరయ్యను తీసుకుపోయి వంటలవాళ్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడి నుంచి ఏమీ కనిపించక ఆయన పులిహోర కూడా తినలేకపోయాడు.

ఆ తర్వాత కాపలా పని హైమావతికి అప్పజెప్పాడు. పిల్లల్లేని ఇల్లు, పొద్దుపోని మనిషి. మొదట ససేమిరా అంది. ఒక పెండ్లి చూసి వచ్చాక, వచ్చే పెండ్లి ఎప్పుడని తనే అడగడం మొదలుపెట్టింది.

ఒక్క జానయ్యకిచ్చి ఊరుకుంటే బాగానే ఉండేది. కంటె పోగొట్టుకున్నవాళ్లు వచ్చారు, కమ్మలు పోగొట్టుకున్నవాళ్లు వచ్చారు. చివరికి జన్మలో ఏమీ పోగొట్టుకోనివాళ్లు కూడా వచ్చి, "జానయ్యకిచ్చినవ్, మేమేం పాపం జేసినం? మేం మాత్రం నీ దుకాణానికి తోల్తలేమా?" అని నిలదీశారు. కంటెలనూ కమ్మలనూ ఎవరూ అంతగా పట్టించుకోలేదు. అందరి కళ్లూ వడ్డాణం మీదే. అరవై మూడులో సర్కారు ఇంకో పీడ తెచ్చింది. కొత్త నగలేవైనా పద్నాలుగు క్యారెట్ల బంగారంతోనే చెయ్యాలన్నారు. ఆ పాలిపోయిన బంగారాన్ని చూసి పెండ్లివాళ్లు ముఖాలు చిట్లించేవాళ్లు. దాంతో పాత బంగారపు వడ్డాణానికి గిరాకీ మిన్నంటింది. మగపెండ్లివాళ్లు సంబంధం మాట్లాడేటప్పుడే, "సేటు వడ్డాణం వస్తదా, రాదా?" అని తేల్చుకునేవాళ్లు.

శ్రావణ మాసం వచ్చిందంటే గౌరయ్య దుకాణం మూసినంత పనయ్యేది. తెల్లవారుజామున తిరుమలగిరిలో తాళి కడితే, విప్పీ విప్పకముందే వడ్డాణాన్ని పెట్టెలో పెట్టుకుని హైమావతి బస్సెక్కాలి. పేటలో బస్సు మారి, కోదాడలో దిగి, ఎడ్లబండి మీద మేళ్లచెరువుకు పోతే అక్కడ మధ్యాహ్నపు ముహూర్తానికి పెండ్లిపిల్ల బోసి నడుముతో ఎదురుచూస్తూ ఉండేది. ఒకసారి దారిలో బస్సు టైరు పగిలింది. ఆమె వచ్చేదాకా అయ్యగారు చదివిన మంత్రాలే మళ్లీ చదివి, అవీ అయిపోయాక దేశంలో వానలు బాగా పడాలని ఒకటి చదివి, పిల్ల తరఫు తాతముత్తాతల పేర్లు ఏడు తరాల దాకా అడిగాడట. ఆరో తరం ఎవరికీ తెలియక అక్కడొక పంచాయితీ అయింది.

ఈ హడావిడిలో గౌరయ్య ఒక విచిత్రం గమనించాడు. వడ్డాణం పెట్టే కొయ్యపెట్టె మూత పడడం మానేసింది. చెమ్మకు కొయ్య ఉబ్బిందనుకుని వడ్రంగిని పిలిచి లోపల చిత్రిక పట్టించాడు. మరుసటేడు మళ్లీ పట్టలేదు, మళ్లీ పట్టించాడు. "దీన్ని ఇంక చెక్కితే కాగితమైతది సేటూ, కొత్తది తీసుకో" అన్నాడు వడ్రంగి. కొయ్యకు కూడా ఈ కాలంలో నికరం లేదని సర్కారును నాలుగు తిట్టి పెద్ద పెట్టె చేయించాడు గౌరయ్య. ఇంకో విచిత్రం, సన్నగా ఉన్న పెండ్లిపిల్లలకు ఆ వడ్డాణం నిలిచేది కాదు. చీర లోపల తువ్వాల చుట్టేవాళ్లు. పోను పోను దుప్పటి చుట్టాల్సి వచ్చింది. ఒక చోట మగపెండ్లివాళ్లు పిల్ల పొట్ట చూసి గుసగుసలు పెట్టి, విడిది నుంచి కదలమని మొరాయించారు. హైమావతి పోయి చెవిలో చెప్పి, దుప్పటి కొస చూపించి తీసుకురావాల్సి వచ్చింది.

ఒక్కసారి తూచి చూసుకుంటే అన్నీ తేలిపోయేవి. పొద్దున లేస్తే తూకంలోనే బతికే మనిషి. కానీ ఇంట్లో బంగారాన్ని ఊరికే తూస్తే లక్ష్మి అలిగి తరిగిపోతుందని వాళ్లమ్మ చిన్నప్పుడు చెప్పింది, అది ఆయన తలలో మేకులా దిగిపోయింది. గంజ్‌లో గింజ పోతే ఊరుకోని గౌరయ్య, బీరువాలో బంగారాన్ని మాత్రం త్రాసు మొహం చూడనివ్వలేదు. తరిగిపోతుందేమోనని తప్ప ఇంకే భయమూ ఆయన మనసులో లేదు.

ఇంతలో సాలి చచ్చిపోయింది. పెండ్లయిన రెండో ఏడే, కాన్పు కష్టమై, బండిలో పేట దవాఖానకు తెస్తుంటే దారిలోనే పోయింది. బిడ్డా దక్కలేదు. జానయ్య ఆ తర్వాత పెద్దగా బయట తిరగలేదు. రాములమ్మ మాత్రం ఒక కొత్త అలవాటు పట్టింది. వడ్డాణం ఏ ఊరి పెండ్లికి పోతే ఆ ఊరికి పిలవని పేరంటంగా వచ్చేది. నడిచో, బండెక్కో, ఎట్లాగో వచ్చి పెండ్లిపిల్ల ఎడమ పక్కన కూర్చుని, ఆ పిల్ల నడుమును ఒక చోట చేత్తో నిమిరేది. అన్నం కూడా తినకుండా లేచిపోయేది. గౌరయ్యకు అనుమానం వచ్చింది. పాత వడ్డాణం మీద ఆశ చావక, కీలు ఊడదీసే ఉపాయం చూస్తోందనుకున్నాడు. "గా రాములమ్మ మీద ఓ కన్నెయ్యి" అని హైమావతికి చెప్పాడు. హైమావతి ఆయన్ను అదోలా చూసింది.

అరవై ఏడులో సాగర్ కాలువకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడెం చుట్టూ ఎండిన భూములు రెండు మూడేళ్లలో వరిమళ్లయ్యాయి. అక్కడే ఉంటున్న హైమావతి తమ్ముడు మల్లికార్జున్ బస్సు దిగీ దిగకముందే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "బావా, వడ్లు పోయడానికి జాగ లేదు గాడ. మిల్లు పెట్టినోడు రాజు. జాగ నేను సూసిన. నీ వాటా పట్టుకరా. ఈ నెల దాటితే ఇంకోడు ఎత్తుకపోతడు."

గౌరయ్య కళ్ల ముందు మిల్లు ధడధడలాడింది. పన్నెండేళ్లుగా కాచుకున్న రోజు ఇదే. కంటెలూ కమ్మలూ అమ్మాడు. మిగిలింది వడ్డాణం. పేటలో అమ్మితే ఊరు ఊరుకోదని, హైమావతికి కూడా చెప్పకుండా పెట్టె చంకన పెట్టుకుని కోదాడ బస్సెక్కాడు. బస్సులో ఎక్కిన ప్రతి ఆడమనిషీ పెట్టెను గుర్తుపట్టింది. "సేటూ, ఇయ్యాల ఏ ఊర్ల పెండ్లి?" అని అందరూ అడిగేవాళ్లే. అబద్ధం చెప్పడం చాతకాక, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

కోదాడలో బెజవాడ నుంచి వచ్చిన వ్యాపారి వడ్డాణాన్ని త్రాసులో పెట్టి, గౌరయ్య చెప్పిన బరువుకు రాళ్లు వేశాడు. వడ్డాణం ఉన్న తట్ట కదల్లేదు. ఇంకో రాయి వేశాడు. ఇంకోటి వేశాడు.

"అయ్యా, మీరు చెప్పిన దానికంటే చాలా ఎక్కువుందండి" అన్నాడు వ్యాపారి.

"ఎక్కువెట్లుంటది? మీ కాంట సక్కగ లేదు" అన్నాడు గౌరయ్య.

"మా త్రాసుకేం రోగమండీ! ఎక్కువ తూగితే లాభం మీకే కదండీ, మీరు కోప్పడతారేంటి?"

"లాభం సంగతి తర్వాత. తప్పు కాంట మీద నేను సరుకమ్మ. తక్కువ జెయ్యి."

అమ్మేవాడు తగ్గించమని, కొనేవాడు ఒప్పుకోనని అరుచుకోవడం కోదాడ బజారు అంతకు ముందు చూడలేదు. జనం పోగయ్యారు. వేరే కొట్టుకు పోయి తూచారు, ఎక్కువే. చివరికి కిరాణా కొట్లో చింతపండు తూచే కాంటా మీద పెట్టారు, అక్కడా ఎక్కువే. హర్రాజు నాటి బరువు గౌరయ్యకు తన వయసు కన్నా బాగా గుర్తు. దాని మీద సగానికి సగం పెరిగింది. వ్యాపారి వడ్డాణాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "హంసల వడ్డాణం అన్నారు. ఇదేంటండీ, ఇక్కడ కోడి ఉంది?" అన్నాడు. ఇంకాస్త తిప్పి, "గొర్రె కూడా ఉందండి" అన్నాడు.

ఏళ్ల తరబడి ఆ వడ్డాణాన్ని కాపలా కాసిన గౌరయ్య దాని కొక్కేన్ని తప్ప ఇంక దేన్నీ చూడలేదు. వ్యాపారిని రెండు రోజులాగి పేటకు రమ్మని చెప్పి ఇంటికి వచ్చాడు. దారంతా ఆయనకు ఒకటే ఆనందం. లక్ష్మి అలగకపోగా పిల్లల్ని కూడా పెట్టింది. తన వాటా ఏమిటి, ఈ బరువుకు సగం మిల్లు వచ్చేస్తుంది.

ఇంటికి రాగానే సంగతి చెప్పాడు. హైమావతి వడ్డాణాన్ని చాప మీద పొడుగ్గా పరిచింది.

"బొద్దు పిల్లలకు కురచైతే ఏంజేస్తరనుకున్నరు? ఎవలింటోళ్లు వాళ్లు సొంత బంగారంతోని ఒక్కో బిళ్ల చేయించి కలుపుకున్నరు. అమ్మగారింటి బంగారం పెండ్లినాడు పిల్ల నడుముకు ఎక్కినంక విడదీస్తే, కాపురం విడిపోతదని తియ్యలే" అంది. హంసను ఎన్నడూ చూడని అవుసలి ఒకడు కోడిని చెక్కాడు. ఇంకొకడు చిలుకను చెక్కాడు. "ఇది అలివేలుది. ఇది రుక్కమ్మది. ఇది మేళ్లచెరువు పిల్లది" అని ఆమె ఒక్కోదాన్నీ వేలితో చూపించింది.

"నాకు సెప్పలేదేం?"

"సెప్తే మీరు అందరి నడుముకు కొలత పెట్టి కమీషన్ అడుగుతరని."

గౌరయ్య చాప మీదికి వంగాడు. "గీ గొర్రె ఎవరిది?" అన్నాడు.

"సాలిది. మిమ్ముల వంటలోళ్ల దగ్గర కూసోబెట్టినంక కలిపిన్రట, జానయ్యే గొర్రెపిల్లను చెక్కమన్నడట. రాములమ్మ ప్రతి పెండ్లికి వొచ్చి నిమిరేది గీ బిళ్లనే. మీరు దొంగనుకున్నరు" అంది హైమావతి. గౌరయ్యకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మరునాడు మల్లికార్జున్ వచ్చి సంగతంతా విని ఎగిరిపడ్డాడు. "వాళ్లెవలన్న అడిగిన్రా బావా? వడ్డాణం నీది, నీ బీరువాల పెరిగింది. నీ సెట్టుకు కాసిన కాయ నీది గాదా?" అన్నాడు. గౌరయ్యకు ఆశ లేదని కాదు. రాత్రంతా మిల్లు చప్పుడే చెవుల్లో మోగింది. కానీ కుప్పలో కలిసినంత మాత్రాన పక్కవాడి గింజలు తనవి కావని ఆయనకు తండ్రి నేర్పిన మొదటి పాఠం. "ఎవరి బిళ్ల వాళ్లకిచ్చేస్త. మిగిలిన హంసలు నావి, అవే అమ్ముత" అని ఊళ్లకు కబురు పెట్టాడు.

వాళ్లంతా ఎడ్లబండ్ల మీద వచ్చి దుకాణం ముందు దిగారు. అవుసలి భిక్షం కుంపటి పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. కానీ బిళ్ల తీయించుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. "మా పిల్ల కడుపుతోని ఉన్నది, గిప్పుడు విడదీస్తవా?" అని ఒకామె శోకాలు పెట్టింది. "మా బిళ్ల పక్కది తీసినా ఊకోం, మాది కదుల్తది" అని ఇంకొకాయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆ గొడవలో రుక్కమ్మ మొగుడు కాటయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చి, "సేటూ, విడదీస్తే కాపురం విడిపోతదన్నది నిజమే అయితే ముందుగాల మాది తియ్యి. నీ కాల్మొక్త" అన్నాడు. వెనక నుంచి రుక్కమ్మ వచ్చి అతని జుట్టు పట్టుకుని బండి దాకా ఈడ్చుకుపోయింది. ఆ బిళ్ల జోలికి మళ్లీ ఎవరూ పోలేదు.

బెజవాడ వ్యాపారి అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "ఏవండీ, ఇది నేను కొనుక్కుంటే వీళ్లందరూ బెజవాడ వస్తారాండీ?" అని అడిగాడు.

"రాకుంటెట్ల? పెండ్లిళ్లుంటయి గద!" అని నలుగురైదుగురు ఒక్కసారే అన్నారు. వ్యాపారి చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా కోదాడ బస్సు దిక్కు నడిచాడు.

మల్లికార్జున్ తల పట్టుకున్నాడు. "కనీసం తియ్యొచ్చిన బిళ్లలన్న తీసి, మిగిలింది హైదరాబాద్‌ల అమ్ముదాం బావా" అన్నాడు. తియ్యొచ్చిన బిళ్ల ఏదని అందరూ ఆలోచించారు. ఎవరూ పైకి అనలేదు గాని, అందరి చూపులూ చివరన నిలబడ్డ రాములమ్మ మీదికి పోయాయి. అన్నిట్లోకీ విడిపోయే కాపురం లేనిది సాలి బిళ్ల ఒక్కటే.

రాములమ్మే ముందుకు వచ్చి, "మాది తియ్యిండ్రి. మాకేం గాదు" అంది. భిక్షం కుంపటి ఊది, కీలు విప్పి, గొర్రెపిల్ల ఉన్న బిళ్లను నీళ్లలో ముంచి చల్లార్చి ఆమె అరచేతిలో పెట్టాడు. రాములమ్మ దాన్ని కొంగుతో తుడిచి, చాలాసేపు చూసింది. గౌరయ్య మర్యాదకు ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాడు గాని, జీవితంలో మొదటిసారి ఆయనకు ఒక్క మాటా రాలేదు.

ఆమె బిళ్లను మళ్లీ భిక్షం చేతికి ఇచ్చేసింది.

"ఇంట్ల ఒక్కతే ఉండి ఏం జేస్తది సేటూ? పెండ్లిళ్లంటే పానం దానికి. నలుగురి తోని తిరగనియ్యి" అంది. ఒక అడుగు వేసి, మళ్లీ వెనక్కు తిరిగింది. "జర అంచుకు పెట్టకుండ్రి అయ్యా. ఇద్దరి నడుమ పెట్టుండ్రి. ఒక్కతుంటే భయపడ్తది."

గౌరయ్య ఏడ్చాడు. గంజ్ నడిబజారులో, హమాలీలూ రైతులూ చూస్తుండగా, నల్లకోటు చేతితో కళ్లు తుడుచుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసింది మల్లికార్జున్ కాదు, అప్పటిదాకా కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి. మల్లికార్జున్ బావతో ఇంక మాట్లాడి లాభం లేదని తెలుసుకుని, మిర్యాలగూడెం బస్సుకు టైమైందని లేచాడు. మిల్లు ఇంకెవరితోనో కలిసి పెట్టుకున్నాడు.

భిక్షం గొర్రెపిల్లను రుక్కమ్మ చిలుకకూ అలివేలు కోడికీ నడుమ పెట్టి కుంపటి ఊదడం మొదలుపెట్టాడు. గౌరయ్య అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "గట్టిగ అతుకు భిక్షం, ఎల్లుండి పెండ్లున్నది" అన్నాడు.